మర్యాదకు చోటు చాలని పెట్టె

పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, "మా పూర్వ విద్యార్థుల సంచికలో నాగదుర్గ గురించి ఓ నాలుగు పేజీలు కావాలండీ. ఆ అమ్మాయితో కలిసి పనిచేసినవారు మీరే కదండీ" అన్నారు. తప్పకుండానండీ అన్నాను. ఫోన్ పెట్టేశాను. నా భార్య ఇందుజ టీ తెచ్చి నా మొహం చూసి, "ఏవండీ, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

"పోలేదు. ఒకరు పైకొచ్చారు" అన్నాను.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నాగదుర్గ అంటే నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తొచ్చే కుళ్ళు. ఆ అమ్మాయి జీవితం రాయమని నన్ను అడిగినవారికి ఈ సంగతి తెలియదు. తెలిసినా నన్నే అడిగేవారేమో, ఎందుకంటే ఆమె ఏం చేసిందో నాకు తెలిసినంత వివరంగా ఇంకెవరికీ తెలియదు.

నాకు నలభై ఏళ్ళు. ఊరు తాడేపల్లిగూడెం. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరు వెళ్ళి, జయరాజు గారి చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తున్నాను. మేము తయారు చేసేది చేపల చెరువులకు పెట్టే పెట్టె. గట్టు మీద స్తంభానికి బిగిస్తాం. దాని తీగ ఒకటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో ఆ పెట్టె ఎప్పటికప్పుడు చూసుకుంటూ, తగ్గిందంటే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోటార్లు వేసి, రైతుకు ఫోన్ చేసి తెలుగులో కబురు చెబుతుంది. అందులో నడిచే ప్రోగ్రాం మొత్తం నాది. ఫోన్లో పలికే గొంతు ఇందుజది. "నమస్కారమండీ. బాగున్నారాండీ? ఇంట్లో అందరూ కులాసాయేనాండీ? మీ చెరువు గురించి చిన్న కబురండీ" అని మొదలయ్యేది. మధ్యలో రైతు పేరు కూడా గారు చేర్చి పలికించేవాణ్ణి. నిడమర్రు నుంచి కైకలూరు దాకా రైతులు ఆ పలకరింపు విని మురిసిపోయారు. కొందరు పెట్టెకు తిరిగి జవాబు చెప్పేవారట, బాగున్నామండీ, మీరెలా ఉన్నారండీ అని. మన పెట్టెలు అమ్ముడుపోయేది ఆ పలకరింపుకేనని జయరాజు గారు పదిమందిలో అనేవారు. అప్పుడు నేను తల కాస్త వంచుకుని నవ్వేవాణ్ణి.

నాగదుర్గ మా ఆఫీసుకు వచ్చింది ఫోన్లు ఎత్తడానికి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. కొల్లేటి లంక పిల్ల. తండ్రి ముత్యాలరావు, ఉంగుటూరు దిగువన జోగారావు గారి చెరువుల దగ్గర కాపలాదారు. తల్లి నాంచారమ్మ చేపల ప్యాకింగ్ దగ్గర ఐసు కొట్టే పనికి వెళ్ళేది. సన్నగా, నల్లగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. ఉదయం వచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకుంటే సాయంత్రం దాకా రైతుల ఫిర్యాదులే. అన్నిటికీ ఒకటే ఫిర్యాదు: పెట్టె బిగుసుకుపోయింది. అన్నిటికీ నేను నేర్పిన ఒకటే జవాబు: స్విచ్ ఆపి, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యండి.

నాలుగు నెలలు ఆ మాట చెప్పింది. ఐదో నెలలో నా బల్ల దగ్గరకు ఒక నోటుబుక్కుతో వచ్చింది. ఏ చెరువులో పెట్టె ఏ రోజు ఆగిందో, ఆ రోజు ఎండా మబ్బా, అంతకుముందు పెట్టె చేసిన ఫోన్లను రైతు ఎన్నిసార్లు ఎత్తకుండా వదిలేశాడో అన్నీ గీతలు గీసి రాసుకుంది.

"సార్, ఫోన్ ఎత్తని వాళ్ళ పెట్టెలే ముందు ఆగుతున్నాయండీ. ముసురు పట్టిన వారంలో ఇంకా తొందరగా ఆగుతున్నాయండీ" అంది.

నిజానికి అది నాకు చురుక్కుమంది. పెట్టెలో మెమరీ చాలా చిన్నది. ప్రోగ్రాం ఏదైనా పని పడినప్పుడల్లా అందులో కొంత చోటు అడిగి తీసుకుంటుంది, పని అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి. నా ప్రోగ్రాం ఒక దగ్గర ఇవ్వడం మరిచిపోయేది. రైతు ఫోన్ ఎత్తకపోతే, పలకరింపు కోసం తీసుకున్న చోటును అలాగే పట్టుకుని కూర్చునేది. అలా తరిగి తరిగి, చివరకు చోటు అడిగితే లేదనే జవాబు వచ్చేది. ఆ జవాబు వినడం నా ప్రోగ్రాంకు చేతకాదు. ఇచ్చారనే అనుకుని లేని చోట రాయబోయి చచ్చి ఊరుకునేది.

"చోటు లేదంటే ఏం చెయ్యాలని రాశారండీ సార్?" అని అడిగింది. నా ప్రోగ్రాం కూడా చదివినట్టుంది.

"లేదనదమ్మా."

"అంటోంది కదండీ."

"అవన్నీ నీకెందుకు? ఫోన్లు మోగుతున్నాయి చూడు" అన్నాను. ఆమె వెళ్ళి ఫోనెత్తి, స్విచ్ ఆపి పది దాకా లెక్కపెట్టండి అని ఎవరికో చెప్పింది. ఆ గొంతులో ఎక్కడా కోపం లేదు. అదే నా ఒళ్ళు మరీ మండించింది.

ఆ వారమే నేను ఆ తప్పు ఒక్కటీ సరిచేసి, ఇక పెట్టె ఆగదు అని జయరాజు గారికి చెప్పాను. ఎవరు కనిపెట్టారో చెప్పలేదు. కాని పెట్టెలు ఆగుతూనే ఉన్నాయి, కాకపోతే ఆలస్యంగా. ముసురు రోజుల్లో కొల్లేటి వైపు సిగ్నల్ సరిగా ఉండదు. మాకు పంపాల్సిన కొలతలు పెట్టెలోనే పేరుకుపోయేవి. మళ్ళీ చోటు నిండిపోయేది. ఆక్సిజన్ పడిపోయేదీ సరిగ్గా ఆ ముసురు రోజుల్లోనే. అంటే పెట్టె అవసరమైన రోజే పెట్టె చచ్చేది.

ఇక్కడ నాంచారమ్మ గారి మాట రాయాలి. ఈ వ్యాసం కోసమే మొన్న లంకకు వెళ్ళి ఆవిణ్ణి కలిశాను. కూతురికి ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుందామని వెళ్ళాను. పుస్తకాల్లోంచి వచ్చిందని తేలితే నా మనసు కాస్త కుదుటపడేది.

"కొల్లేరు పొంగిందంటే మా ఇంట్లోకి నీళ్ళొచ్చేస్తాయండీ" అంది ఆవిడ. "నీళ్ళు గడప దాటాక బుర్ర పనిచెయ్యదండీ. చేతికేది దొరికితే అది పట్టుకుంటారు. ఒకేడు మా ఆయన తలగడ పట్టుకుని బయటికొచ్చాడండీ, వల ఇంట్లో వదిలేసి. అప్పట్నించీ తొలి చినుకు పడగానే పిల్లల్ని కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేదాన్నండీ, ఏది ముందు వదిలెయ్యాలి, ఏది తర్వాత వదిలెయ్యాలి అని. ముందు మంచం. తర్వాత బీరువా. తర్వాత గిన్నెలు. ఆ తర్వాత బియ్యం. వల వదలకూడదు, అగ్గిపెట్టె వదలకూడదు."

ఇంకొకటి కూడా చెప్పింది. వానాకాలం మొత్తం ఇంటి ముందు తాటిమాను తొలిచిన దోనె పడవ ఒకటి ఖాళీగా కట్టి ఉంచేవారట. అందులో గంప కూడా పెట్టనిచ్చేది కాదట. ఆరేళ్ళప్పుడు నాగదుర్గ తన పలకా పుస్తకాల సంచీ అందులో దాచుకుంటే, తీసి బురదలోకి విసిరేసిందట. "ఖాళీగా ఉంటేనే కదండీ దోనె, నిండితే అదీ ఇంట్లో సామానే" అంది నాంచారమ్మ గారు, అది చాలా మామూలు విషయమైనట్టు. తిరుగు దారిలో ఆటోలో కూర్చుని, మా అమ్మ నాకు ఎక్కాలు తప్ప ఏం అప్పజెప్పించిందని ఆలోచించాను.

జోగారావు గారి సంగతి, పెట్టెలు అలా ఆగుతున్న రోజుల్లోనే వచ్చింది. ఆయనకు అరవై చెరువులు. కాపలాదారు ముత్యాలరావు "మా అమ్మాయి పనిచేసే చోట ఇలాంటి పెట్టెలు చేస్తారండీ" అని చెబితే, మూడు చెరువులకు పెట్టి చూద్దామన్నారు. వానాకాలమంతా ఒక్కసారి కూడా ఆగకుండా ఉంటే అరవైకీ పెడతానన్నారు. జయరాజు గారు మా ఇద్దర్నీ పిలిచి, "మీ ఇద్దరిలో ఎవరు నిలబెడతారో నిలబెట్టండి. ఈ పని నిలబెట్టిన వాళ్ళకే ఇకమీదట ప్రోగ్రాం అప్పగిస్తాను" అన్నారు. మీ ఇద్దరిలో అన్నారు! పదేళ్ళుగా పనిచేస్తున్న నన్నూ, ఏడాది కిందట ఫోన్లెత్తడానికి వచ్చిన పిల్లనూ కలిపి ఒకే మాటలో. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను పెద్ద మెమరీ ఉన్న చిప్పు కొందామన్నాను. అది పెట్టాలంటే పెట్టె మొత్తం మార్చాలి, ఈ వానాకాలానికి కుదరదన్నారు జయరాజు గారు. నాగదుర్గ ఒక కాగితం తెచ్చి గోడకు అంటించింది. దాని మీద పెన్సిలుతో రాసి ఉంది, చోటు తగ్గితే ముందు ఏది పారెయ్యాలో. మొదట, పెట్టె మీది చిన్న తెరలో చూపే గ్రాఫుల బొమ్మలు. తర్వాత, పలకరింపు. తర్వాత, గంట కంటే పాత కొలతలు. వదలకూడనివి రెండే: తాజా కొలత, మోటారు వేసే ఆజ్ఞ.

రెండో మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

"పలకరింపు తీసేస్తావా?"

"ఎప్పుడూ కాదండీ సార్. చోటు సగానికి తగ్గినప్పుడేనండీ. అన్నిటికంటే ఎక్కువ చోటు తినేది అదేనండీ."

అది నా భార్య గొంతు అని ఆమెకు తెలుసు. తెలిసే, గ్రాఫుల బొమ్మల పక్కన రాసింది. చెబితే చిన్నతనంగా ఉంటుందని చెప్పలేదు. లోపల మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతటితో ఆగలేదు. ప్రోగ్రాం మొదలవగానే కొంత మెమరీ ముందే తీసి పక్కన పెట్టాలంది. దాన్ని ఏ పనికీ వాడకూడదట. అన్నీ పారేశాక కూడా చోటు చాలకపోతే అప్పుడు దాన్ని వదిలి, ఆ చోటులో రెండే పనులు చెయ్యాలట: మోటార్లు వెయ్యడం, రైతుకు నాలుగు ముక్కల్లో కబురు చెప్పడం. ఆ తర్వాత పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవాలట.

"అసలే చోటు లేదంటే ఉన్నదాంట్లో కొంత ఖాళీగా పడేస్తావా?" అని నవ్వాను. అందరికీ వినపడేలాగే నవ్వాను.

"చోటు లేదని చెప్పడానికి కూడా కాస్త చోటు కావాలి కదండీ సార్" అంది.

పదేళ్ళలో ఆ మాట నాకు తట్టలేదు. తట్టకపోవడం కంటే, అంత తేలిగ్గా ఆమెకు తట్టడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు పాసింజర్లో భీమడోలు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, ఆమె పద్ధతిలో తప్పులు ఏమై ఉంటాయా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. దొరకలేదు.

ఆమె రాసిన ప్రోగ్రాంతోనే మూడు పెట్టెలూ బిగించారు. ఆషాఢం గడిచింది. శ్రావణంలో పెద్ద ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు లేడు, సిగ్నల్ అంతంతమాత్రం. ఐదో రోజు జోగారావు గారు జయరాజు గారికి ఫోన్ చేశారు. స్పీకరులో మేమంతా విన్నాం.

"ఏవండీ జయరాజు గారూ, మీ పెట్టెకు ఏమొచ్చిందండీ? నిన్న మా వియ్యంకుడు గారి ముందు ఫోన్ మోగితే స్పీకరు పెట్టానండీ. రెండో చెరువు, గాలి తక్కువ, మోటారు వేశాం, రండి... అనేసి పెట్టేసిందండీ. ఒక నమస్కారం లేదు, ఒక అండీ లేదు. మా పాలేరు కూడా నాతో అలా మాట్లాడడండీ."

"మరి చేపలండీ?" అని అడిగింది నాగదుర్గ వెనక నుంచి.

"చేపలకేమమ్మా, బాగానే ఉన్నాయి. పరువు సంగతి మాట్లాడుతున్నాను నేను."

ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందో ఎలా చెప్పను! పెట్టె ఆగలేదు, మోటార్లు తిరిగాయి, చేపలు బతికాయి. అయినా జోగారావు గారికి కోపమొచ్చింది. మన గోదావరి నేల ఇంత మంచిదని నాకు అంతకుముందు తెలియదు. జయరాజు గారు ఫోన్ పెట్టేసి, "ఏమండీ, ఆ పలకరింపు సంగతి కాస్త చూడండి" అని నాతో అన్నారు. నాగదుర్గకు చెప్పి చేయించమనే ఆయన ఉద్దేశం. కాని ఆ పూటే ఆమె లంకలో ఎవరిదో పెళ్ళికని రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళిపోయింది. నేను ఎదురుచూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రోగ్రాం తెరిచాను. పలకరింపును పారెయ్యాల్సిన వరసలోంచి తీసి, వదలకూడని వాటిలో మొదటిగా పెట్టాను. మోటారు ఆజ్ఞకంటే ముందు. రైతుకు గౌరవం ముందు, పని తర్వాత అని నాకు నేను చెప్పుకున్నాను. దానికి చోటు కావాలి కాబట్టి, ఆమె ఖాళీగా అట్టిపెట్టిన చోటును దానికి ఇచ్చేశాను. వృథాగా పడి ఉన్నదాన్ని పనిలో పెట్టానని కూడా చెప్పుకున్నాను. ప్రోగ్రాం తలమీద, ఎవరు మార్చారో రాసే వరస ఒకటి ఉంటుంది. అక్కడ నాగదుర్గ అని ఉంది. నా పేరు రాయాలి. రాయలేదు. మూడు పెట్టెలకూ ఆఫీసు నుంచే పంపించేసి, చేతులు దులుపుకుని రైలెక్కాను.

మరుసటి రోజూ ముసురే. ఆ మర్నాడు పొద్దున్న ఏడు గంటలకు రెండో చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. పెట్టెలో చోటు అప్పటికే నిండిపోయింది. బొమ్మలు పోయాయి, పాత కొలతలు పోయాయి, ఇంకా చాల్లేదు. మిగిలిన కాస్త చోటులోకి నేను పెట్టిన పలకరింపు వచ్చి కూర్చుంది. జోగారావు గారికి ఫోన్ మోగింది. "నమస్కారమండీ. జోగారావు గారండీ, బాగున్నారాండీ? ఇంట్లో అందరూ కులాసాయేనాండీ? మీ చెరువు గురించి చిన్న..." అని అక్కడ ఆగిపోయింది. మోటార్ల దాకా పెట్టె చేరనే లేదు.

మర్యాద మళ్ళీ వచ్చినందుకు ఆయన సంతోషించారు. "కులాసాయేనండీ" అని జవాబు చెప్పి, ఫోన్ పక్కన పెట్టి, ఇడ్లీ తినడానికి కూర్చున్నారు. ఈ మాట ఆయనే తర్వాత చెప్పారు.

గట్టు మీద ముత్యాలరావు చూసేసరికి శీలావతి చేపలు పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. ఏరియేటర్లు కదలడం లేదు. పరుగెత్తి చేత్తో స్విచ్‌లు వేశాడు. ఒక మోటారు తిరగలేదు. ఆ మూలకు దోనె వేసుకుని వెళ్ళి, తెడ్డుతో నీళ్ళు బాదుతూ చెరువంతా తిరిగాడు, చేతులు పడిపోయేదాకా. చాలా చేప దక్కింది. ఆ మూలన ఉన్న బొచ్చె చేపలు దక్కలేదు. వాటిని గంపలతో గట్టు మీదకు ఎత్తి పోస్తుంటే జోగారావు గారు వచ్చి, "నీ మాట నమ్మి పెట్టించాను కదయ్యా ముత్యాలూ" అన్నారట. అంతకంటే ఏమీ అనలేదట. మర్నాడు అతన్ని కాపలా నుంచి తీసి మేత మోసే పనిలో వేశారు. ఇరవై రెండేళ్ళ కాపలా అది.

నాగదుర్గ పెళ్ళి నుంచి నేరుగా ఆఫీసుకే వచ్చింది. జడలో పూలు వాడిపోయి ఉన్నాయి. జయరాజు గారి గదిలో ముగ్గురమే ఉన్నాం. తెర మీద ప్రోగ్రాం తెరిచి ఉంది, పైన ఆమె పేరు. ఆమె నిలబడే కిందిదాకా చదివింది. ఒక చోట ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది.

"ఇది నేను రాసింది కాదండీ" అంది.

జయరాజు గారు నా వైపు తిరిగారు. "ఏమండీ, మీరేమైనా మార్చారా? పలకరింపు సంగతి చూడమన్నాను కదా."

నేను నాగదుర్గ మొహం చూడలేదు. "వచ్చాక తనకి చెబుదామని ఊరుకున్నానండీ. నేను ముట్టుకోలేదు" అన్నాను.

ఆయన నమ్మారు. నమ్మరా మరి? పదేళ్ళుగా ఉన్న మనిషిని. ఆమె ఇంకో మాట అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. తెర వైపు ఇంకోసారి చూసి, బయటికి వెళ్ళి, హెడ్‌ఫోన్ తగిలించుకుంది. నాకు సంతోషం కలిగింది. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కాని కలిగింది. ప్రోగ్రాం నా దగ్గరే ఉండిపోయింది. జోగారావు గారి అరవై చెరువుల బేరం పోయింది, అందుకు కూడా ఆఫీసులో అందరూ ఆమెనే తప్పుపట్టారు. ఇప్పటికీ ఏలూరులో కొందరు, ఆ అమ్మాయేనా జోగారావు గారి చేప తేలేలా చేసింది అంటూ ఉంటారు. విన్నప్పుడల్లా నేను వేరే మాట ఎత్తుకుంటాను.

నెలాఖరుకు ఆమె పని మానేసింది.

తర్వాతి సంగతి జోగారావు గారి నోటే విన్నాను. ఒక పొద్దున్న ఆ అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళిందట. చేతిలో తనే చేసుకున్న పెట్టె.

"రెండో చెరువు ఒక్కటీ ఇవ్వండి బాబుగారూ. వచ్చే వానాకాలం చూడండి. నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదండీ" అందట.

"మర్యాద ఉంటుందా అందులో?"

"కబురు ముందండీ. మర్యాద తర్వాతండీ. అదీ చోటు ఉంటేనేనండీ."

ఆయనకు మండుకొచ్చిందట. కాని గంపల్లోని బొచ్చెలు గుర్తొచ్చాయట, తాను ఫోన్లో కులాసాయేనండీ అన్న మాట కూడా గుర్తొచ్చిందట. ఒక్క చెరువేగా అని ఒప్పుకున్నారు. ఆమె పెట్టె ముందు చెరువు నంబరు చెబుతుంది, గాలి తక్కువ అంటుంది, మోటారు వేశాను రండి అంటుంది. ఆ తర్వాత మెమరీలో చోటు మిగిలి ఉంటే అప్పుడు, తన సొంత గొంతుతో, నమస్కారమండీ అంటుంది. నమస్కారం వినపడలేదంటే పెట్టె ఇరుకులో ఉందని జోగారావు గారికి అర్థమైపోతుంది. వెంటనే చెప్పులేసుకుంటారు. ఆ వానాకాలం పెట్టె ఒక్కసారీ బిగుసుకుపోలేదు. చోటు అయిపోయింది మూడుసార్లు. మూడుసార్లూ మోటార్లు తిరిగాయి, కబురొచ్చింది, పెట్టె తనంతట తానే మళ్ళీ లేచింది. ఇప్పుడు అరవై చెరువుల మీదా ఆమె పెట్టెలే. ఇంకా బయట ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు. ముత్యాలరావు మళ్ళీ కాపలాకు వచ్చాడు.

మా జయరాజు గారు, ఖాళీ చోటు అట్టిపెట్టే ఆ పద్ధతి మన పెట్టెల్లో కూడా పెట్టండి అన్నారు ఈ మధ్య. పెట్టాను. ఎంత బాగా పనిచేస్తోందో చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

ఈ నాలుగు పేజీలూ రాసి, అచ్చుకు పంపే ముందు ఆమెకు చూపించాలని ప్రిన్సిపాల్ గారు అంటే, మొన్న శుక్రవారం ఏలూరు పవర్‌పేటలో ఆమె ఆఫీసుకు వెళ్ళాను. మేడ మీద రెండు గదులు. ప్రీతి అని ఒక అమ్మాయి ఫోన్లు ఎత్తుతోంది. నాగదుర్గ లేచి, "రండి సార్, కూర్చోండి" అని కుర్చీ తుడిచి వేసింది. కాగితాలు ఇచ్చాను.

ఆ రోజు నేను చేసిన పని, చెప్పిన అబద్ధం, అన్నీ రాశాను కదా, ఎందుకు రాశానో కూడా చెప్పాలి. కొంత, మనసులో బరువు దిగుతుందని. కాని ఎక్కువ భాగం అది కాదు. చదివి ఆమె తప్పకుండా, అయ్యో, ఇవన్నీ ఇప్పుడెందుకండీ సార్, తీసెయ్యండి అంటుందని నా నమ్మకం. మా వైపు ఎదుటి మనిషిని మొహం మీద చిన్నబుచ్చరు. తప్పు ఒప్పుకున్న పుణ్యం నాకు దక్కుతుంది, అచ్చులో ఎవరూ చదవరు. అంత లెక్క వేసుకునే వెళ్ళాను.

ఆమె ఇరవై నిమిషాలు చదివింది. జయరాజు గారి గదిలో చదివినట్టే, ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది. బల్ల సొరుగులోంచి పెన్ను తీసింది. నా గుండె తేలికైంది. మొదటి పేజీకి తిప్పి, ఒక వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, కాగితాలు నా చేతికిచ్చింది.

"ఇంకేమీ తియ్యక్కర్లేదా?" అని అడిగాను.

"లేదండీ సార్. మిగతాదంతా నిజమేనండీ."

ఆమె కొట్టేసింది మీకు కనిపించదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాగదుర్గకు ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దించింది నేనే, అని ఉండేది అక్కడ.

కాగితాలు మడత పెట్టి లేవబోయాను. టీ వస్తోంది, తాగి వెళ్ళండి సార్ అని కూర్చోబెట్టింది. టీ తాగుతుంటే చివరి పేజీ మళ్ళీ అడిగి తీసుకుని కింద చూసింది. అక్కడ రాసినవారి పేరుకు బదులు, ఒక సహోద్యోగి, అని మాత్రం రాశాను.

"ఇక్కడ మీ పేరు రాయండి సార్" అని తన పెన్నే ఇచ్చింది.

రాశాను. ఫణికిరణ్, తాడేపల్లిగూడెం.